అమ్మ మీద అరిచాను, మరిచిపోలేకపోతున్నాను

ప్రశ్న: అమ్మకు అల్జీమర్స్ అని తేలి మూడేళ్లయింది. చూసుకునేది నేనొక్కదాన్నే. రాత్రి మూడుసార్లు లేస్తాను. "మీ నాన్న ఇంకా రాలేదేం?" అని అమ్మ రోజూ సాయంత్రం అడుగుతుంది. ఆయన పోయి ఆరేళ్లు. మొన్న విసిగిపోయి, "నాన్న చచ్చిపోయాడమ్మా, ఎన్నిసార్లు చెప్పాలి!" అని అరిచాను. అప్పుడే కబురు తెలిసినట్టు ఏడ్చింది. పది నిమిషాలకు మళ్లీ అదే ప్రశ్న. తమ్ముడు ఆదివారం ఫోన్ చేసి "నీ ఓపికకు దండం పెట్టాలక్కా" అంటాడు. నాకు ఓపిక లేదండీ.

జవాబు: ఆ అరుపు సంగతి ముందు చూద్దాం. కొత్తగా విన్నది మీ అమ్మగారి మెదడులో నిలవదు. అందుకే మీరు చెప్పిన ప్రతిసారీ ఆవిడకు అది తొలి కబురే. ఇక చెప్పకండి. అబద్ధమాడమని కాదు. "నాన్న గుర్తొచ్చారా అమ్మా?" అని పక్కన కూర్చుని ఆయన కబుర్లు చెప్పించండి. సాయంత్రం గాభరా పెరగడం ఈ జబ్బులో మామూలే, చీకటి పడకముందే లైట్లు వేసి చూడండి. అయితే ఒకటి రెండు రోజుల్లోనే తికమక బాగా పెరిగితే మాత్రం జబ్బు ముదిరిందని ఊరుకోవద్దు. మూత్రంలో ఇన్ఫెక్షనో, మలబద్ధకమో, కొత్త మందో కారణం కావచ్చు. డాక్టరుకు చూపించండి.

ఇక మీ సంగతి. యుద్ధంలో ఆచూకీ లేకుండా పోయిన సైనికుల కుటుంబాలను 1970లలో పరిశీలించిన అమెరికన్ పరిశోధకురాలు పాలీన్ బాస్, ఆ బాధకు 'ఆంబిగ్యుయస్ లాస్' అని పేరు పెట్టారు. మనిషి పోయినట్టూ కాదు, ఉన్నట్టూ కాదు. అల్జీమర్స్ లాంటి మతిమరుపు జబ్బులు (డిమెన్షియా) ఉన్న ఇళ్లలోనూ ఆవిడ అదే చూశారు. మనిషి పోతే పదిమంది పలకరించడానికి వస్తారు. మీ అమ్మ మీ కళ్లెదుటే కొంచెం కొంచెంగా దూరమవుతుంటే ఎవరొస్తారు? మీ విసుగులో సగం ఈ దుఃఖమేనని నాకనిపిస్తోంది.

మిగతా సగం నిద్ర. మూడేళ్లు ఇలా లేస్తూ పడుకుంటే ఎంత నెమ్మదైన మనిషికైనా నోరు జారుతుంది. పైగా ఆ "దండం పెట్టాలి" ఉంది చూశారూ, అది మీ నోరు కట్టేస్తోంది. మెచ్చుకున్నవాణ్ణి సాయం ఏం అడుగుతాం! ఈ ఆదివారం అడగండి. "కష్టంగా ఉందిరా" అంటే జాలిపడి ఫోన్ పెట్టేస్తాడు. "శుక్ర, శనివారాలు రాత్రి అమ్మ గదిలో నువ్వు పడుకో" అనండి. రాలేనంటే, ఆ రెండు రాత్రులకు మనిషిని పెట్టే ఖర్చు తనే పెట్టుకోమనండి. ఆ రాత్రి మీరు మాత్రం వేరే ఇంట్లో పడుకోండి. అక్కడే ఉంటే అమ్మ దగ్గినా లేచి కూర్చుంటారు.