దొర వేషం కట్టే మేనల్లుడికి

తిరుపతి,
ఆదివారం రాత్రి

ఒరేయ్ అల్లుడూ,

మొన్న ఫోన్లో నువ్వు అంతసేపు నసిగి అసలు సంగతి చెప్పగానే 'సరేలే, తర్వాత మాట్లాడతా' అని పెట్టేశాను. కోపం వచ్చి పెట్టెయ్యలేదు. మీ అత్త పక్కనే కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది, అదీ సంగతి.

రెండు రాత్రులు నిద్ర లేదు. నువ్వూ, నువ్వు చేసుకోబోయే పిల్లా, ముప్పై దాటిన ఇద్దరు, పడకగదిలో ఒకరు ఆజ్ఞ ఇచ్చేట్టు, ఒకరు లోబడేట్టు ఆడుకుందామని పెళ్లికి ముందే కూర్చుని మాట్లాడుకున్నారంటే గర్వంగానే ఉంది. మా కాలంలో కూరలో ఉప్పెక్కువైందని చెప్పడానికే మూడేళ్లు పట్టేది. భయమెందుకంటే, ఆజ్ఞ ఇచ్చేది నువ్వు. నీది నా పోలిక.

'ఇది జబ్బా మామా' అన్నావు. కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కొత్త జబ్బుల పట్టిక, ఐసీడీ-11, 2022 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. ఇద్దరు పెద్దవాళ్లు ఇష్టపడి చేసుకునేదాన్ని అందులోంచి తీసేశారు. ఎదుటివాళ్లకి ఇష్టం లేకుండా చేసేదీ, ఇష్టపడి చేసుకున్నా మనసుకి తీవ్రమైన బాధో, ఒంటికి పెద్ద గాయమో, ప్రాణాపాయమో తెచ్చేదీ మాత్రమే జబ్బుగా మిగిలాయి. చట్టం సంగతి వేరే. చిన్న దెబ్బకి పద్దెనిమిది దాటినవాళ్ల సమ్మతి చెల్లుతుందేమో గానీ ఎముక విరిగితే చెల్లదు, అది తీవ్ర గాయం కింద లెక్క. మీరిద్దరూ రాసుకున్న కాగితం మీ మాట గుర్తుండటానికే, కోర్టుకి కాదు.

ఇన్నేళ్లు ఫిజియోథెరపీ చేసినవాణ్ణి, ఆ నాలుగు ముక్కలు కూడా విను. మెడ జోలికి పోవద్దు, దానికి సురక్షితమైన పద్ధతంటూ లేదు. భుజానికీ మోచేతికీ మధ్య బయటివైపు తాడు గట్టిగా బిగిస్తే అక్కడ ఎముకను చుట్టుకుని పోయే నరం నలిగి మణికట్టు వాలిపోతుంది. కుర్చీ మీద చెయ్యి వేలాడేసి నిద్రపోయిన తాగుబోతులకి వచ్చేది అదే. కోలుకోవడానికి నెలలు పట్టినవాళ్లకి నేనే చికిత్స చేశాను. వేళ్లు తిమ్మిరెక్కాయంటే ఆ క్షణమే తాడు తీసెయ్. మొన మొండిగా ఉండే కత్తెర చేతికందేచోట పెట్టుకో. కట్టినమనిషిని వదిలేసి పక్కగదికి కూడా పోవద్దు. మందు ముట్టిన రోజు ఆట లేదు.

ఇవి ఎవరైనా చెబుతారు. నన్ను పట్టుకున్నది నీ ఇంకో ప్రశ్న. 'నటన అయితే అది అబద్ధం కాదా మామా?'

నువ్వు మన ఊరి గంగమ్మకి రోజుకో వేషం కట్టి మొక్కు తీర్చుకునే గంగజాతర చూస్తూ పెరిగినవాడివి. మీసాలున్న మగాడు చీర కట్టి, పూలు పెట్టుకుని తాతయ్యగుంట గంగమ్మ గుడి ముందు నిలబడి కళ్లనీళ్లు పెట్టుకుంటాడు. చీర వేషం. కన్నీళ్లు నిజం, మొక్కు నిజం. కాబట్టి మీ ఆటలో ఆ పిల్ల పడే భయం, సిగ్గు, నీకు వచ్చే గర్వం, అన్నీ నిజమే. అందుకే నాకు టెన్షన్.

1987 జాతర. నాకు ఇరవై నాలుగు. బండ వేషం రోజు ఒళ్లంతా కుంకుమ పూసుకుని, వేపమండ పట్టుకుని బయల్దేరాం, నేనూ నా ప్రాణస్నేహితుడూ. జాతర రోజుల్లో ఎవరు ఎవర్ని ఎంత బూతు తిట్టినా పట్టింపు లేదు, తెలుసుగా. అంతకు రెండు నెలల ముందు వాడు నాకు పన్నెండు వందలు ఎగ్గొట్టాడు. నేను ఒక్కమాట అడగలేదు, మర్యాదట! ఆ మర్యాదంతా గాంధీ రోడ్డు మీద కక్కాను. జాతర బూతులతో ఆగలేదు. కాపురం వదిలి పుట్టింటికొచ్చిన వాళ్లక్క సంగతి ఎత్తాను. చుట్టూ జనం నవ్వారు, వాళ్లకి అది వేషమే. వాడూ మొదట నవ్వాడు. తర్వాత 'చాల్రా' అన్నాడు. ఇంకోసారి అన్నాడు. జాతరలో 'చాల్రా' అంటే ఇంకొంచెం తిట్టమనే లెక్క, నేను అలాగే అనుకున్నానని అందరితో చెప్పుకుంటూ వచ్చాను. నీకు నిజం చెబుతున్నా. రెండోసారికే నాకు తెలిసిపోయింది. ఆ గొంతు వేరేగా ఉంది. తెలిసీ ఆపలేదు. మొహాన కుంకుమ ఉంది కదా అని.

కొళాయి దగ్గర కడుక్కుంటుంటే వచ్చి, 'వేషం తిట్టి ఉంటే మర్చిపోదును' అన్నాడు. చాటింపు పడ్డాక జాతర అయ్యేదాకా ఊరు దాటకూడదు. ఇద్దరం ఒకే వీధి. ఎదురైనప్పుడల్లా తలొంచుకుని పోవడమే. ఇప్పటికీ పెళ్లిళ్లలో కనపడితే 'బాగున్నారా' అంటాడు. ఒరేయ్ అని తప్ప పిలవని నోరురా అది.

అందుకని, ఆ పిల్ల మీద నిజంగా కోపమొచ్చిన రోజు ఆట మొదలుపెట్టకు. ఆ పూట మామూలుగా పోట్లాడుకోండి, గిన్నెలు విసురుకోండి. వాళ్లింటివాళ్లని, ఆమె ఒంటిని, జీతాన్ని ఆటలో తెచ్చి తిట్టొచ్చో లేదో ఆమెనే ముందు అడుగు. ఆపడానికి మీరు పెట్టుకున్న మాట 'పీలేరు' అనే ఊరి పేరని విని నవ్వాను గానీ మంచి మాటే. ఆ గదిలో ఎవరికీ పీలేరుతో పని పడదు, 'చాలు', 'వద్దు' లాగా రెండర్థాలు రావు. నోరు పెగలనప్పుడు ఏంటి? చేతిలో తాళాల గుత్తి పెట్టు, కింద పడితే ఆట ఆగాలి. ఆ మాట నీకూ పనికొస్తుంది, దొరకి కూడా భయమేస్తుంది.

ఇంకోటి. మన ఇళ్లలో ఆడపిల్లలకి 'సరే' అనడం అన్నప్రాశన నాడే నేర్పుతాం. ఆమె అన్నిటికీ సరే అంటోందని మురిసిపోయి చెప్పావు. నాకు గుబులేసింది అక్కడే. ఒక్కటైనా వద్దందా? అనకపోతే, అనేదాకా ఆగు. అన్న రోజు మొహం మాడ్చుకోకు.

అమ్మవారి కథని ఇందులోకి లాగుతున్నందుకు లెంపలేసుకుంటూనే రాస్తున్నా. దొర వేషంలో పాలెగాణ్ణి చంపిన గంగమ్మ మర్నాడు ఏం చేస్తుంది? మాతంగి వేషం కట్టి వాడి పెళ్లాన్ని ఓదారుస్తుందని కదా మన ఊళ్లో చెప్పుకునేది. నేను మాతంగి వేషం కట్టలేదు. కొళాయి దగ్గర వాడు నిలబడ్డప్పుడు కట్టాల్సింది. నువ్వు ఆట అయిపోగానే దుప్పటి కప్పు, మంచినీళ్లివ్వు, పేరు పెట్టి పిలువు, పక్కనే కూర్చో. కొందరికి మర్నాడో, ఆ మర్నాడో ఉన్నట్టుండి ఏడుపొస్తుంది, ఆఫీసులో ఉన్నా ఫోన్ ఎత్తు. నీకూ రావచ్చు. వస్తే దాచకు.

ఈసారి జాతరకి ఇద్దరూ రండి. వాడింటికి తీసుకెళ్తాను. వాడు నన్ను 'మీరు' అంటుంటే నువ్వు పక్కన కూర్చుని వినాలి.

ఉత్తరం ఏంటని మీ అత్త రెండుసార్లు అడిగింది, పెళ్లి ఖర్చుల లెక్క అన్నాను. జవాబు రాయకు, ఫోన్ చెయ్. శుక్రవారం పొద్దున పదింటి తర్వాత అయితే ఆమె గుడికి వెళ్తుంది.

మీ మామ