రోమన్ నాణెం మీద హెక్టర్ ఎందుకున్నాడు?

రోమన్ల కాలం నాణేల మీద గ్రీకు పురాణ వీరులు ఎందుకున్నారు, రోమ్ వాళ్లే వేయించారా అని అడిగారు కదా. లేదండి, అది ఏ ఊరికా ఊరి వాళ్ల ఇష్టం. బంగారం మీద రోమ్ పట్టు గట్టిగా ఉండేది గానీ తూర్పున గ్రీకు ఊళ్లు బజారు చిల్లరకి కంచు నాణేలు తామే కొట్టుకునేవి, బొమ్మ వైపు చక్రవర్తి, బొరుసు వైపు తమ దేవుడో వీరుడో. చేతిలో పట్టే స్థలపురాణం అనుకోండి.

నేను పదేళ్లుగా ఇవి సేకరిస్తున్నా. మొదటిది ఇలియంది, పాత ట్రాయ్ ఉన్నచోట వెలసిన ఊరు. నల్లగా ఉంది, చూడగానే ఏమీ తెలీలేదు. రాత్రి టేబుల్ లైట్ కింద ఏటవాలుగా పట్టుకుని మెల్లగా తిప్పుతుంటే ముందు డాలు అంచు, తర్వాత హెల్మెట్, పక్కన గ్రీకు అక్షరాలు ఒక్కొక్కటే తేలాయి, ఎక్తోర్ అని. హెక్టర్, ట్రాయ్ యుద్ధంలో ఆ ఊరి తరఫున గ్రీకులతో పోరాడి చనిపోయిన రాకుమారుడు! ఒళ్లు జలదరించింది. యుద్ధం గెలిచింది అవతలివాళ్లు, కానీ ఆ ఊరికి హెక్టరే సొంత బిడ్డ, అన్ని వందల ఏళ్ల తర్వాత కూడా కూరగాయలు కొనే డబ్బు మీద ఆయన పేరే రాసుకున్నారు.

దీనివల్ల లాభం కూడా ఉండేది. ట్రాయ్ నుంచి పారిపోయిన ఈనియాస్ తమ మూలపురుషుడని రోమన్ల నమ్మకం, అందుకే ముసలి తండ్రిని భుజానికెత్తుకుని కొడుకుని చెయ్యి పట్టి నడిపిస్తున్న ఈనియాస్ కూడా ఇలియం నాణేల మీద ఉంటాడు. క్రీ.శ. 53లో, తర్వాత చక్రవర్తి అయిన నీరో కుర్రాడిగా ఉన్నప్పుడు ఈ చుట్టరికం చెప్పే ఇలియం తరఫున వాదించాడు, అప్పటి చక్రవర్తి క్లాడియస్ వాళ్ల పన్నులు పూర్తిగా ఎత్తేశాడు.

నాకు మాత్రం అన్నిటికన్నా ఇష్టం అబిడోస్ ఊరిది, సెప్టిమియస్ సెవెరస్ చక్రవర్తి కాలంది. బురుజు మీద దీపం పట్టుకుని హీరో అనే అమ్మాయి, కింద నీళ్లలో ఆమె కోసం ఈదుతూ లియాండర్, పైన ఎగురుతున్న ప్రేమదేవుడు ఎరోస్, ఇంత కథ ఆ కాస్త కంచులో. దాన్ని ఆన్‌లైన్‌లో కొన్నా, వచ్చాక లెన్స్ పెట్టి చూస్తే లియాండర్ చెయ్యి ఎవరో ఈమధ్యే కొత్తగా చెక్కారు, అమ్మినాయన డబ్బు వెనక్కివ్వలేదు, చాలా బాధపడ్డా. అందుకే మీరు కొనేముందు అదే రకం నాణేల ఫోటోలు నాలుగైదు పక్కన పెట్టుకోండి, చక్రవర్తి ముఖం అరిగిపోయి వెనక బొమ్మ మాత్రం పదునుగా ఉన్నా, బొమ్మ చుట్టూ గీరినట్టు సన్న గీతలున్నా వదిలేయండి.