ఫొటో ఒకచోట, అనుమతి కాగితం మరోచోట

స్వచ్ఛంద సంస్థల్లో ఫొటోలు తీయడం, దాచడం, వాడుకోవడం గురించి పాఠకులు పంపిన ప్రశ్నల్లో అయిదింటికి ఈ నెల జవాబులిస్తున్నాం.

ప్రశ్న: బస్తీ పిల్లలకు సాయంత్రం ట్యూషన్ కేంద్రం నడుపుతున్నాం. చేరేటప్పుడు నింపే దరఖాస్తు చివర ‘మా పిల్లల ఫొటోలు సంస్థ వాడుకోవచ్చు’ అని ఒక వాక్యం ఉంది. తల్లిదండ్రులు సంతకం పెడుతున్నారు. ఇది చాలదా?
– కేంద్రం ఇన్‌చార్జి, గుంటూరు

జవాబు: చాలదండీ. వాళ్లు ఆ సంతకం పెట్టింది సీటు కోసం. కింద ఏం రాసుందో చదివిన తల్లి కూడా, కాదంటే పిల్లాణ్ని చేర్చుకోరేమోనన్న బెరుకుతో పెట్టేస్తుంది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం అనుమతిని స్వేచ్ఛగా, ఏ షరతూ లేకుండా, ఫలానా పనికని తెలిసి ఇవ్వాలి. 18 ఏళ్లు నిండని పిల్లల తరఫున తల్లిదండ్రులో గార్డియనో ఇవ్వాలి. ఈ చట్టం నియమాలు 2025 నవంబరులో వచ్చాయి. ప్రధాన బాధ్యతల అమలుకు 18 నెలల గడువిచ్చారు. గడువుంది కదా అని ఆగితే, ఆలోపు పోగయ్యే ఫొటోలకు తర్వాత అనుమతి తెచ్చుకోవడం మీ తరం కాదు.

ఫొటో అనుమతిని దరఖాస్తు నుంచి విడదీసి వేరే కాగితం మీద పెట్టండి. పిల్లాడు చేరిన వారం పది రోజులకు ఇవ్వండి. మొదటి వాక్యమే ఇలా ఉండాలి: ‘మీరు ఒప్పుకోకపోయినా మీ బిడ్డ చదువుకు ఏ ఇబ్బందీ రాదు. ఇప్పుడు సరేనని తర్వాత వద్దనుకుంటే ఈ నంబరుకు ఫోన్ చేస్తే చాలు.’ దాని కింద నాలుగు వరసలు రాయండి: ఆఫీసు రికార్డు; దాతలకు పంపే నివేదిక; వెబ్‌సైటు, ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్; పత్రికలు, పోస్టర్లు, బ్యానర్లు. ప్రతి వరస ఎదురుగా ‘సరే’, ‘వద్దు’ అని రెండు గడులు ఖాళీగా ఉంచండి. ముందే టిక్కు కొట్టి ఇవ్వకండి. నివేదికకు సరేనని ఫేస్‌బుక్ వద్దనేవాళ్లు చాలామంది ఉంటారు, ఒకే గడి ఉంటే ఆ తేడా మీకు తెలియదు. గడువు రెండేళ్లు అని రాసి, తీరాక మళ్లీ అడగండి. తల్లి ఒప్పుకున్నా, కెమెరా చూడగానే మొహం తిప్పుకునే పిల్లని తీయకండి.

ప్రశ్న: గిరిజన గూడేల్లో పనిచేస్తాను. చదవడం రాని మహిళల దగ్గర వేలిముద్ర వేయించుకుంటున్నాం. అది చెల్లుతుందా?
– ఫీల్డ్ వర్కర్, ఉట్నూరు

జవాబు: వేలిముద్ర చెల్లుతుంది. కానీ ఆమెకు ఏం అర్థమైందన్నది దాన్నిబట్టి తెలియదు. కాగితం చదివి వినిపించండి. గోండి మాట్లాడే చోట తెలుగులో చదివి ఊరుకోవద్దు, గోండి వచ్చినవాళ్లతో చెప్పించండి. ఫోన్‌లో మీ సంస్థ ఫేస్‌బుక్ పేజీ తెరిచి, ‘మీ ఫొటో ఇదిగో ఇలా ఇక్కడ పడుతుంది, ఊరివాళ్లూ బంధువులూ చూడొచ్చు’ అని చూపించండి. తర్వాత మీరే అడగండి: ‘ఈ ఫొటో ఎవరెవరు చూస్తారో మీరు చెప్పండమ్మా.’ ఆమె చెప్పలేకపోతే మీరు సరిగ్గా చెప్పలేదన్నమాట, మళ్లీ మొదలుపెట్టండి. సాక్షి సంతకం మీ సిబ్బందిది కాకుండా పొదుపు సంఘం సభ్యురాలిదో పొరుగావిడదో అయితే మంచిది. కాగితం తడిసే రోజుల్లో అర నిమిషం ఆడియో రికార్డు చేయండి. పేరు, ఊరు, తేదీ, దేనికి సరే, దేనికి వద్దు, అన్నీ ఆమె గొంతులోనే ఉండాలి.

సరుకులో దుప్పట్లో పంచే క్యూలో నిలబెట్టి మాత్రం అనుమతి అడగొద్దు. చెయ్యి చాచి నిలబడ్డ మనిషి నోట వద్దన్న మాట రాదు. ముందు ఇవ్వాల్సింది ఇచ్చేయండి, ఫొటో మాట ఆ తర్వాత ఎత్తండి.

ఇంకో చిన్న అలవాటు చేసుకోండి. ఆమె ఫొటోలు తీయగానే, అదే ఫోన్‌తో ఆమె వేలిముద్ర వేసిన కాగితాన్నీ ఒక ఫొటో తీయండి. గ్యాలరీలో మనిషి, వెంటనే కాగితం, తర్వాత ఇంకో మనిషి, ఆ మనిషి కాగితం వరసగా ఉంటాయి. సాయంత్రం 60 ఫొటోలు ముందేసుకుని ఎవరు ఎవరో తేల్చుకోవాల్సిన పని తప్పుతుంది.

ప్రశ్న: ఆరేళ్ల ఫొటోలు నాలుగు వేల దాకా వాట్సాప్ గ్రూపుల్లో, డ్రైవ్‌లో, వలంటీర్ల ఫోన్లలో పడి ఉన్నాయి. అనుమతి పత్రాలు బీరువాలో ఉన్నాయి. దేనిది ఏదో తెలియడం లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?
– కార్యాలయ సహాయకురాలు, వరంగల్

జవాబు: ఎక్కువ సంస్థల్లో దెబ్బతినేది ఇక్కడే. అనుమతి అడగక కాదు, అడిగి తీసుకున్న కాగితం ఫొటో నుంచి విడిపోయి తప్పు జరుగుతుంది. కొత్తగా చేరినవాళ్లు డ్రైవ్ తెరుస్తారు, నవ్వుతున్న మొహం కనిపిస్తుంది, పోస్టర్‌కు పెట్టేస్తారు. ఆ తల్లి వద్దన్న కాగితం బీరువా రెండో అరలోనే ఉంటుంది.

ముందు కొత్త ఫొటోల సంగతి చూడండి, పాతవాటి జోలికి తర్వాత వెళ్లొచ్చు. ప్రతి అనుమతి పత్రానికీ ఒక నంబరు ఇవ్వండి. ఫొటో ఫైలు పేరు తేదీ, ఊరు, కార్యక్రమం, పత్రం నంబరు, వరస సంఖ్య అనే క్రమంలో ఉండాలి. తేదీని ఏడాది, నెల, రోజు వరసలో రాస్తే ఫైళ్లు వాటంతట అవే కాలక్రమంలో పేరుకుంటాయి. ఫైలు పేరులో మనిషి పేరు, జబ్బు, కులం రాయకండి. స్ప్రెడ్‌షీట్‌లో ఒక్కో పత్రానికి ఒక్కో వరస చాలు: నంబరు, ఎవరిది, వయసు, దేనికి సరే, దేనికి వద్దు, గడువు ఎప్పటిదాకా, ఎక్కడెక్కడ వాడాం. ఆ చివరి గడిని అందరూ ఖాళీగా వదిలేస్తారు. రేపు ఎవరైనా ఫొటో తీసేయమంటే మీకు పనికొచ్చేది అదే.

ఫోల్డర్లు మూడు చాలు: బయట వాడొచ్చు, నివేదికలకే, ఎక్కడా వాడకూడదు. పోస్టర్లు చేసే డిజైనర్‌కు మొదటిది ఒక్కటే తెరిచి ఉంచండి. ‘లింకు ఉన్నవాళ్లెవరైనా చూడొచ్చు’ అన్న షేరింగ్ ఎక్కడుందో వెతికి ఆపేయండి.

ఇక పాతవి. ఫొటోలో ఉన్నవాళ్లను ఇప్పటికీ కలిసే వీలుంటే కొత్తగా అడగండి. కాగితమూ లేక, మనిషీ దొరకకపోతే ఆ ఫొటో మూడో ఫోల్డర్‌లోకే. అందులో పిల్లలవి, రోగులవి ఉంటే చెరిపేయడమే మేలు. ఎంత అందంగా వచ్చిన ఫొటో అయినా సరే.

వలంటీర్ల ఫోన్ల సంగతి మరిచిపోవద్దు. వాట్సాప్‌లో ఆటో డౌన్‌లోడ్ ఆన్‌లో ఉంటే గ్రూపులో పడ్డ ప్రతి ఫొటో వాళ్ల గ్యాలరీలోకి, అక్కణ్నుంచి వాళ్ల సొంత క్లౌడ్ బ్యాకప్‌లోకి వెళ్లిపోతుంది. గ్రూపులో పెట్టకుండా నేరుగా సంస్థ డ్రైవ్‌లోకి ఎక్కించమనండి. ఎక్కించాక 7 రోజుల్లో ఫోన్‌లోంచి, ట్రాష్‌లోంచి, బ్యాకప్‌లోంచి తీసేయాలని రాతపూర్వకంగా ఒప్పందం చేసుకోండి. కెమెరా సెట్టింగ్స్‌లో లొకేషన్ ఆపించండి. అది ఆన్‌లో ఉంటే ఏ ఇంటి ముందు తీశారో కూడా ఫైల్లో ఉండిపోతుంది. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటోకు ఆ వివరం పోతుంది గానీ, క్వాలిటీ కోసం డాక్యుమెంట్‌గా పంపితే అలాగే వెళ్తుంది.

ప్రశ్న: బాలికల హోమ్ నడుపుతున్నాం. అమెరికాలో ఉన్న దాతలు తాము చదివిస్తున్న పిల్ల ఫొటో పంపమంటున్నారు. ముఖం బ్లర్ చేసి పంపితే సరిపోతుందా?
– హోమ్ సూపరింటెండెంట్, తిరుపతి

జవాబు: 2015 బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ చూడండి. సంరక్షణ, రక్షణ అవసరమైన పిల్లల గురించి జరిగే విచారణలు, దర్యాప్తులు, కోర్టు వ్యవహారాలపై వచ్చే ఏ కథనంలోనూ వాళ్ల పేరు, చిరునామా, బడి, ఫొటో, గుర్తుపట్టడానికి వీలిచ్చే ఏ వివరమూ బయటపెట్టకూడదు. ఆరు నెలల దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. హోమ్‌కి వచ్చే పిల్లలు బాలల సంక్షేమ కమిటీ విచారణ ద్వారా వస్తారు కాబట్టి, వాళ్లందరికీ ఇది వర్తిస్తుందనుకునే నడుచుకోండి. పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) కేసులో బాధితురాలైతే ఆ చట్టం 23వ సెక్షన్ మరీ కఠినం. ప్రత్యేక కోర్టు అనుమతి లేకుండా మీడియాలో ఆమె గుర్తింపు రాకూడదు.

బ్లర్‌ను నమ్ముకోవద్దు. ముఖం మసకేసినా యూనిఫాం, వెనక గోడ మీద హోమ్ పేరు, జడకున్న రిబ్బను, చేతి మీద మచ్చ చూసి ఊరివాళ్లు గుర్తుపడతారు. ఆ పిల్ల ఎవరి నుంచి దాక్కుంటోందో వాళ్లూ గుర్తుపడతారు. పవర్‌పాయింట్‌లో క్రాప్ చేస్తే కత్తిరించిన ముక్క ఫైల్లోనే ఉంటుంది, అవతలివాళ్లు ఒక్క క్లిక్కుతో వెనక్కి తెచ్చుకోగలరు. ఫోన్‌లో హైలైటర్ పెన్నుతో నల్లగా గీసినా బ్రైట్‌నెస్ పెంచితే కింద ఉన్నది కనిపించవచ్చు. కత్తిరించేది వేరే యాప్‌లో కత్తిరించి, కొత్త ఫైలుగా సేవ్ చేసి అదే వాడండి.

దాతలకు పిల్ల గీసిన బొమ్మ, చేతిరాత, నోట్‌బుక్ మీద చేతులు, ఆరు నెలలకోసారి మార్కులు, ఎత్తు, బరువు పంపండి. పేరు మార్చి రాయండి. ‘చట్టం ఒప్పుకోదు, పిల్ల క్షేమానికే ఇది’ అని మొదటి ఉత్తరంలోనే చెప్పేస్తే చాలామంది అర్థం చేసుకుంటారు. మొహం చూపిస్తేనే డబ్బిస్తామనేవాళ్ల డబ్బు వదులుకోవాల్సిందే.

ప్రశ్న: మూడేళ్ల కింద మా కుట్టు శిక్షణలో చేరిన అమ్మాయి ఫోన్ చేసి, తన ఫొటో తీసేయమంది. అప్పట్లో సంతకం పెట్టింది. వార్షిక నివేదికలోనూ అచ్చయింది. ఏం చేయాలి?
– ప్రాజెక్ట్ కో-ఆర్డినేటర్, రాజమహేంద్రవరం

జవాబు: ఎందుకని అడగకండి. అత్తింటివాళ్ల మాట కావచ్చు, ఉద్యోగం కావచ్చు, కారణం ఆమె సొంతం. ఇచ్చిన అనుమతిని వెనక్కి తీసుకునే హక్కు చట్టంలోనే ఉంది, అది ఇచ్చినంత తేలిగ్గా ఉండాలి కూడా. అంటే ఆఫీసుకు రమ్మనీ, అర్జీ రాసివ్వమనీ తిప్పకూడదు.

ఫోన్ వచ్చిన రోజే వెబ్‌సైటు, ఫేస్‌బుక్, యూట్యూబ్ థంబ్‌నెయిల్ చూడండి. వెబ్‌సైటులో పేజీలోంచి తీసేసినా మీడియా లైబ్రరీలో ఫైలు మిగిలే ఉంటుంది, దాన్నీ చెరపండి. గూగుల్ శోధనలో పాత బొమ్మ ఇంకా కనిపిస్తుంటే, తొలగించమని గూగుల్‌కు విడిగా అభ్యర్థన పెట్టాలి. ఫొటో పంపిన దాతలకూ భాగస్వామ్య సంస్థలకూ మెయిల్ పెట్టి, తీసేశామని జవాబు తెప్పించుకోండి. నివేదిక పీడీఎఫ్‌లో ఆ పేజీ మార్చి మళ్లీ ఎక్కించండి. అచ్చయి పంచేసిన కాపీలు వెనక్కి రావు. ఆ మాట ఆమెకు దాచకుండా చెప్పండి, మీ అనుమతి పత్రంలో కూడా ఇకనుంచి రాయండి. మిగిలిన కాపీలు పంచకండి. అన్నీ అయ్యాక ఆమెకు ఫోన్ చేసి, ఎక్కడెక్కడ తీశారో ఒక్కొక్కటీ చెప్పండి.