పొద్దున మొండికేసి మధ్యాహ్నం బుద్ధిగా నడిచే కంప్యూటర్

ప్రశ్న: "మా ఇంట్లో 2009లో కొన్న డెస్క్‌టాప్ ఉంది. ఈ మధ్య దానంతట అదే రీస్టార్ట్ అవుతోంది, ఒక్కోసారి అసలు ఆన్ కాదు. పోయింది ర్యామా, ఎస్ఎంపీఎస్సా, మదర్‌బోర్డా? ఇంట్లోనే తెలుసుకునే దారి ఉందా?"

ఉంది. (ర్యామ్ అంటే మిషన్ నడుస్తున్నప్పుడు వాడుకునే మెమరీ, ఎస్ఎంపీఎస్ అంటే గోడ కరెంటును మార్చి లోపలి భాగాలకు ఇచ్చే డబ్బా, మదర్‌బోర్డ్ అంటే అవన్నీ కలిసే పెద్ద బోర్డు.) కాకపోతే స్క్రూడ్రైవర్ తర్వాత తీసుకోండి, ముందు గోడ గడియారం చూడండి. అది ఏ వేళకు మొరాయిస్తోందో తెలిస్తే సగం రోగం దొరికినట్టే. నేను హార్డ్‌వేర్ మనిషిని కాను, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకునేవాణ్ణి. ఈ ముక్క మా బాపు (నాన్న) దగ్గర పరువు పోగొట్టుకుని మరీ నేర్చుకున్నాను.

మాది ఆదిలాబాద్. బాపు తెలుగు పండిట్‌గా రిటైరయ్యాక మా ఊరి చరిత్ర రాయాలని కూర్చున్నాడు. ఆయన దగ్గర 2008లో కొన్న కంప్యూటర్ ఉండేది. కోర్ టూ డ్యుయో ప్రాసెసర్, డీడీఆర్ 2 ర్యామ్. కొత్తది కొనిస్తానంటే వద్దన్నాడు. అను ఫాంట్లలో టైపింగ్ చేతికి అలవాటైంది, అప్పటికే రెండు వందల పేజీలు అందులోనే ఉన్నాయి. ఆ పాత ఫాంట్లలో ఉన్నది యూనికోడ్‌లోకి, అంటే ఇప్పుడు ఫోన్లూ వెబ్‌సైట్లూ వాడే తెలుగు పద్ధతిలోకి, మారిస్తే వత్తులు ఒక దిక్కు, గుణింతాలు ఒక దిక్కు పోతాయని ఆయన భయం. భయం కాదు, నిజమే. పేజీ మార్చిన ప్రతిసారీ కూర్చుని దిద్దుకున్నవాడికే ఆ బాధ తెలుస్తుంది. ఇన్నేళ్లలో పత్రికలూ డీటీపీ సెంటర్లూ కలిసి ఈ ఒక్క సమస్యను ముందే తెంపేసి ఉంటే ఎంతమంది పెద్దవాళ్లు పాత డబ్బాలకు కట్టుబడకుండా ఉండేవాళ్లో! సరే, అది వేరే ఏడుపు.

2014 డిసెంబర్‌లో మొదలైంది. పొద్దున బటన్ నొక్కితే ఫ్యాన్ తిరుగుతుంది, లైటు వెలుగుతుంది, మానిటర్ మాత్రం నల్లగానే ఉంటుంది. ఆపి మళ్లీ నొక్కాలి. నాలుగోసారో ఆరోసారో బొమ్మ వస్తుంది. వచ్చినా మొదటి అరగంటలో ఒకసారి టక్కున రీస్టార్ట్ అవుతుంది. ఆ గండం దాటితే రాత్రి దాకా ఢోకా లేదు.

బాపు దాన్ని ఆటోలో వేసుకుని షాపుకు తీసుకెళ్లాడు. వాళ్లు ఏం చేశారో నేను చెప్పకముందే మీకు తెలిసి ఉంటుంది. ఫార్మాట్ కొట్టారు, అంటే డిస్క్‌లో విండోస్ ఉండే సి డ్రైవ్‌ను తుడిచేసి మళ్లీ ఎక్కించారు! మన దగ్గర కంప్యూటర్‌కు తలనొప్పి వచ్చినా, కడుపు నొప్పి వచ్చినా, కాలు విరిగినా మందు ఒక్కటే. తెర మీద, అంటే ఆ సి డ్రైవ్‌లోనే, పెట్టుకున్న నలభై పేజీలు గల్లంతయ్యాయి. "డి డ్రైవ్‌ల పెట్టుకోవాలె గద సార్" అన్నాడట ఆ పిల్లగాడు. మదర్‌బోర్డ్ మీద బటన్ సెల్లు కూడా మార్చాడు. ఆ సెల్లు తగ్గితే తారీఖు, టైము వెనక్కి పోతాయి, బయోస్ (మిషన్ లేవగానే ముందు నడిచే ప్రోగ్రాం) సెట్టింగులు చెరిగిపోతాయి. నడుస్తున్న మిషన్ టక్కున ఆగిపోవడానికీ దానికీ సంబంధం నాకైతే కనిపించదు. షాపులో ఆన్ చేసి చూపిస్తే మొదటి నొక్కుకే లేచి కూర్చుందట. ఎందుకు లేవదు, అప్పుడు మధ్యాహ్నం పన్నెండున్నర. ఎండలో ఆటోలో ఊరేగి వచ్చింది.

ఇంటికొచ్చిన మర్నాడు పొద్దున మళ్లీ అదే కథ. మళ్లీ ఆటో, మళ్లీ మధ్యాహ్నం. ఈసారి ఒక గిగాబైట్ ర్యామ్ అంటగట్టారు. షాపులో మళ్లీ మంచిగానే ఉంది.

సంక్రాంతికి నేను ఊరెళ్లాను. సాఫ్ట్‌వేర్ కొడుకు వచ్చాడు, ఇక చూస్కోండి. ముందు విండోస్ తనకు జరిగినవన్నీ రాసుకునే ఈవెంట్ వ్యూయర్ తెరిచాను. ఎర్ర గుర్తులతో కెర్నల్ పవర్ 41 అని వరసగా ఉన్నాయి. మీరు కూడా అది చూసి ఇంటర్నెట్‌లో వెతుకుతారు, అందుకే చెప్తున్నా: ఆ నలభై ఒకటి ఏ రోగం పేరూ కాదు. "కిందటిసారి నన్ను సరిగ్గా షట్‌డౌన్ చేయలేదు" అని విండోస్ రాసుకున్న ఫిర్యాదు, అంతే. కరెంటు పోయినా అదే, ప్లగ్గు పీకినా అదే, మదర్‌బోర్డ్ చచ్చినా అదే. దాని మీద గంటగంట వీడియోలు చేసి, చివర్లో ఇరవై రకాల డ్రైవర్లు అప్‌డేట్ చేయమనే వాళ్లను ఏమనాలో నాకు తెలియదు.

ఆ రాత్రి ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86 ప్లస్ అనే ప్రోగ్రాంను పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి, నడవనిచ్చి పడుకున్నాను. పొద్దున లేచి చూస్తే ఒక్క తప్పు లేదు. నాలుగైదుసార్లు రీస్టార్ట్ చేసి చూశాను, ప్రతిసారీ లేచింది. ర్యామ్ బాగుంది, బోర్డు బాగుంది, కాబట్టి మిగిలింది ఎస్ఎంపీఎస్ అని తేల్చేశాను. మల్టీమీటర్ పెడితే పసుపు తీగలో 12.1 వోల్టులు చూపించింది. 11.4 నుంచి 12.6 దాకా ఉంటే సరైనదే లెక్క. అయినా వినలేదు. బజారుకెళ్లి 850 పెట్టి కొత్తది తెచ్చి బిగించాను. సాయంత్రం దాకా బంగారంలా నడిచింది. అమ్మతో "చూసినవా, గిట్ల చెయ్యాలె" అని కూడా అన్నాను.

మర్నాడు పొద్దున ఆరింటికి ఫ్యాన్ తిరిగింది, లైటు వెలిగింది, మానిటర్ నల్లగా ఉంది.

బాపు ఒక్క మాట అనలేదు. స్విచ్ ఆన్‌లోనే వదిలేసి లేచి వంటింట్లోకి పోతూ, "పది నిమిషాలు ఆగు, దానికి చలి పెడ్తాంది" అన్నాడు. నేను నవ్వాను. చాయ్ తాగి వచ్చి ఆపి మళ్లీ నొక్కాడు. లేచింది. నెల రోజులుగా రోజూ చేస్తున్న పని అది ఆయనకు. షాపులో చెప్పలేదా అంటే, "చెప్పిన. వాడూ నీ లెక్కనే నవ్విండు" అన్నాడు.

ఆదిలాబాద్ చలి తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు, జనవరి పొద్దున పది డిగ్రీల లోపలికి పోతుంది. ఆ గది ఉత్తరం వైపు. అప్పుడు వెలిగింది నాకు. మెమ్‌టెస్ట్ రాత్రంతా నడిచింది కాబట్టి మిషన్ వెచ్చగా ఉంది. పొద్దున నేను చేసిన రీస్టార్టులన్నీ ఆ వేడి మీదే. ఎస్ఎంపీఎస్ మార్చింది మధ్యాహ్నం. షాపువాళ్లు చూసిందీ మధ్యాహ్నమే. అందరమూ జబ్బు లేని వేళ చూసి మందు రాసినవాళ్లమే.

డబ్బా మళ్లీ విప్పాను. (మొత్తం డబ్బాను సీపీయూ అనడం మన వాళ్లు ఎప్పుడు మానేస్తారో!) ఈసారి టార్చి వేసి ప్రాసెసర్ చుట్టూ ఉన్న కెపాసిటర్లను చూశాను. చిన్న డ్రమ్ముల్లా నిలబడి ఉంటాయి, నెత్తిన గాటు ఉంటుంది. ఆ నెత్తి బల్లపరుపుగా ఉండాలి. దుమ్ము ఊదేసి చూస్తే మూడింటి నెత్తి బూరెలా ఉబ్బి ఉంది, ఒకదాని గాటు దగ్గర గోధుమరంగు పొక్కు కట్టింది. ఎస్ఎంపీఎస్ బిగించేటప్పుడు నా చెయ్యి వాటి పక్కనుంచే పోయింది, కన్ను పోలేదు.

లోపల సంగతి ఇది. ఎస్ఎంపీఎస్ ఇచ్చే 12 వోల్టులను బోర్డు ఒకటి, ఒకటిన్నర వోల్టులకు దించి ప్రాసెసర్‌కు ఇస్తుంది. ఆ కరెంటు ఎగుడుదిగుడు లేకుండా చూసే పని ఈ కెపాసిటర్లది. వాటిలో ఎలక్ట్రోలైట్ అనే తడి పదార్థం ఉంటుంది. వేడికి ఏళ్ల తరబడి అది ఆరిపోతుంది. 105 డిగ్రీల దగ్గర 2000 గంటలు అని రాసి ఉన్న రకం, పది డిగ్రీలు తక్కువ వేడిలో ఉంటే సుమారు రెట్టింపు కాలం బతుకుతుందని ఎలక్ట్రానిక్స్ వాళ్ల లెక్క. 2000 తర్వాత కొన్నేళ్లపాటు నాసిరకం ఎలక్ట్రోలైట్ వల్ల పేరున్న కంపెనీల బోర్డులే గుట్టలుగా పోయాయి. మాది ఆ తర్వాతి కాలందే, వయసే దెబ్బకొట్టింది. ముసలి కెపాసిటర్‌కు చలి తగిలితే లోపలి నిరోధం ఇంకా పెరుగుతుంది, కరెంటు కుదురుగా ఉండదు, ప్రాసెసర్ లేవదు. కాస్త వేడెక్కితే అదే కెపాసిటర్ మళ్లీ పనిలోకి దిగుతుంది. "చలి పెడ్తాంది" అన్నది అక్షరాలా నిజం!

నమ్మకం కోసం ఒక పని చేశాను. మర్నాడు పొద్దున ప్లగ్గు పీకేసి, చెల్లె హెయిర్ డ్రయ్యర్ తీసుకుని జానెడు దూరం నుంచి ఆ కెపాసిటర్ల మీద రెండు నిమిషాలు వేడిగాలి కొట్టాను. ప్లగ్గు పెట్టి నొక్కితే మొదటిసారికే బొమ్మ. ఆ మరుసటి పొద్దున డ్రయ్యర్ లేకుండా నొక్కితే లేవలేదు. ఆపి గాలి కొడితే లేచింది. రెండు పొద్దులు చాలు నాకు, అక్కడితో సిద్ధాంతం చేసేశాను.

బస్టాండు దగ్గర ఒక పాత టీవీ మెకానిక్ ఉండేవాడు. బోర్డు చూడగానే నవ్వాడు. "టీవీలల్ల గిదే కద బిడ్డా, పొద్దుగాల బొమ్మ కురచగ వస్తది, వేడెక్కినంక నిండుగైతది." ఉన్నవి 6.3 వోల్టుల కెపాసిటర్లు, ఆయన దగ్గర దొరికినవి 10 వోల్టులవి. వోల్టులు ఎక్కువ రాసి ఉంటే పర్వాలేదు, తక్కువ కాకూడదు. మైక్రోఫారడ్ అంకె (కెపాసిటర్ ఎంత చార్జి దాచుకోగలదో చెప్పేది) కలవాలి, లోపలి నిరోధం తక్కువ ఉన్న రకమై ఉండాలి, తీగల దిశ తప్పకూడదు. మదర్‌బోర్డ్ పొరలు పొరలుగా ఉంటుంది కాబట్టి వేడినంతా లాగేసుకుంటుంది, మామూలు సోల్డరింగ్ ఐరన్‌కు లొంగదు. ఆయన పెద్ద ఐరన్‌తో అరగంట కష్టపడ్డాడు. 150 రూపాయలు తీసుకున్నాడు. ర్యామ్‌కు, సెల్లుకు, ఫార్మాట్‌కు, నా ఎస్ఎంపీఎస్‌కు పోయిన డబ్బు మాత్రం మీరు అడక్కండి. బాపు పుస్తకం ఆ కంప్యూటర్ మీదే పూర్తయింది.

మీ విషయానికొస్తే, నా వేళల లెక్క చెప్తాను. చలి పొద్దున మొరాయించి తర్వాత సర్దుకుంటే ముందు కెపాసిటర్లనే అనుమానించండి. అవి బోర్డు మీదే ఉండాలని లేదు, ఎస్ఎంపీఎస్ లోపల కూడా ఉంటాయి. దాన్ని మాత్రం మీరు విప్పకండి, ప్లగ్గు తీసినా లోపల ప్రాణం తీసే కరెంటు నిల్వ ఉండొచ్చు.

ఎండాకాలం మధ్యాహ్నం, లేదా పిల్లలు గేమ్ పెట్టిన పావుగంటకు ఆగిపోతే వేడి. ఆ కాలపు ఇంటెల్ ఫ్యాన్‌ను బోర్డుకు పట్టి ఉంచేవి నాలుగు ప్లాస్టిక్ మేకులు. ఒక్కటి ఊడినా కూలర్ ఒక పక్కకు లేస్తుంది, ప్రాసెసర్ కాగిపోతుంది. కదిపి చూడండి. దుమ్ము దులిపి, ప్రాసెసర్‌కూ కూలర్‌కూ మధ్య కొత్త థర్మల్ పేస్ట్ రాస్తే చాలాసార్లు అక్కడితో సరి.

బోరు మోటారు వేసినప్పుడో, ఫ్రిజ్ గుర్రుమన్నప్పుడో రీస్టార్ట్ అయితే వోల్టేజి పడిపోతోంది. యూపీఎస్ ఉంది కదా అంటారు. అందులో బ్యాటరీ రెండు మూడేళ్లకే పోతుంది, యూపీఎస్ మాత్రం పచ్చలైటు వెలిగిస్తూ కూర్చుంటుంది. డబ్బా ముట్టుకుంటే చెయ్యి జిల్లుమంటోందా? మూడో పిన్నుకు ఎర్తింగ్ లేదన్నమాట. ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలవండి, కంప్యూటర్ సంగతి తర్వాత.

వేళాపాళా లేకుండా ఒకసారి బ్రౌజర్, ఒకసారి వర్డ్, ఒకసారి బ్లూ స్క్రీన్, రోజుకో కొత్త ఎర్రర్ అయితే నేను ర్యామ్‌నే అనుమానిస్తాను. ఒక్కొక్క ర్యామ్ ముక్కే పెట్టి మెమ్‌టెస్ట్ నడపండి. ఈసారి చల్లగా ఉన్నప్పుడు కూడా. బంగారు రంగు అంచును పెన్సిల్ రబ్బరుతో రుద్దితే బాగయ్యేవి బోలెడు. బ్లూ స్క్రీన్ కనపడకుండానే రీస్టార్ట్ అవుతుంటే, సిస్టమ్ ప్రాపర్టీస్‌లో ఆటోమేటిక్ రీస్టార్ట్ టిక్కు తీసేయండి. ఆ తర్వాత నీలం తెర నిలబడితే మిషన్ చెప్పే మాట చదవొచ్చు. అప్పుడూ తెర రాకుండా టక్కున పోతే అది కరెంటు దారిలోని రోగమో, పైన చెప్పిన వేడో అనుకోండి.

హార్డ్ డిస్క్ పోతుంటే రీస్టార్ట్ కంటే ముందు బిగుసుకుపోవడం, టిక్కు టిక్కు చప్పుడు ఉంటాయి. ఫైళ్లు ఇవాళే వేరే చోటికి ఎక్కించండి, మిగతా పరీక్షలు రేపు.

ఇక ఎస్ఎంపీఎస్‌ను విడిగా పెట్టి దాని ఆకుపచ్చ తీగను నల్లతీగకు కలిపి ఫ్యాన్ తిరిగితే బాగున్నట్టే అని చెప్పేవాళ్లను నమ్మకండి. బరువు లేకుండా ఎవరైనా నడుస్తారు, మూట నెత్తిన పెట్టి చూడాలి. తెలిసినవాళ్లది ఒక రోజుకు అడిగి తెచ్చి బిగించి చూడటమే మేలు, నాలాగా కొనేయకుండా.

ఇంతకీ మీ ప్రశ్నలో అది ఏ టైముకు ఆగుతోందో రాయలేదు. పొద్దునా, రాత్రా, మోటారు వేసినప్పుడా? నాలుగు రోజులు క్యాలెండర్ మీద గీసుకుని కింద కామెంట్లో పెట్టండి. పొద్దున పూటే అయితే ఇంట్లో హెయిర్ డ్రయ్యర్ ఉందో లేదో కూడా చెప్పండి.