గేమ్ కన్సోల్‌లో డిస్క్ డ్రైవ్ మార్పిస్తే కేసు అవుతుందా?

ప్రశ్న: లాయరు గారూ, మా అబ్బాయి గేమ్ కన్సోల్ డిస్కులు చదవడం మానేసింది. పెట్టిన డిస్కు లోపల కాసేపు గరగరమని తిరిగి బయటికొచ్చేస్తోంది. ఏడాది వారంటీ అయిపోయి రెండు నెలలైంది. డ్రైవ్ ఒక్కటే మార్చడం కుదరదు, కన్సోల్ మొత్తం మార్చుకోవాల్సిందేనని కంపెనీ సర్వీస్ సెంటర్‌వాళ్లు అంటున్నారు. బయట మెకానిక్ వేరే డ్రైవ్ వేస్తానంటున్నాడు. డ్రైవ్ మదర్‌బోర్డుతో లాక్ అయి ఉంటుందని, దాని జోలికి వెళ్తే కాపీరైట్ కేసు పెడతారని తెలిసినవాళ్లు భయపెడుతున్నారు. విప్పితే కన్సోల్ మీదున్న వారంటీ స్టిక్కర్ కూడా చిరుగుతుంది. ఏం చేయమంటారు?

సమాధానం: మీరు కొనుక్కున్న వస్తువులో చెడిపోయిన భాగాన్ని మార్పించుకోవడం నేరం కాదు. ఆ భయం వదిలేయండి. అయితే మీవాళ్లు చెప్పిన లాక్ మాట వట్టిది కాదు కాబట్టి, అదేమిటో ముందు తెలుసుకోవాలి.

చాలా కన్సోళ్లలో డ్రైవ్‌కు ఉండే సర్క్యూట్ బోర్డునూ మదర్‌బోర్డునూ ఫ్యాక్టరీలోనే ఒక రహస్య కీతో జత చేస్తారు. మరో కన్సోల్ నుంచి తీసిన డ్రైవ్ తగిలిస్తే డిస్కు తిరుగుతుంది గానీ గేమ్ నడవదు. మామూలుగా పాడయ్యేవి లేజర్, మోటారు, డిస్కును లోపలికి లాక్కునే రోలర్లు. అందుకే పని తెలిసిన మెకానిక్ మీ పాత బోర్డును అలాగే ఉంచి, దాన్ని కొత్త డ్రైవ్‌కు బిగిస్తాడు. లేదా లేజర్ ఒక్కటే మారుస్తాడు. ఈ పద్ధతిలో ఎవరూ ఏ లాకునూ తెరవలేదు. ఇక కాపీరైట్ చట్టం ప్రసక్తి ఎక్కడిది? మెకానిక్‌ను మీరు అడగాల్సిన మొదటి ప్రశ్న ‘మా బోర్డే ఉంచుతారా?’ అన్నదే.

చిక్కంతా ఆ బోర్డే కాలిపోయినప్పుడు వస్తుంది. అప్పుడు కొత్త బోర్డును మదర్‌బోర్డు ఒప్పుకునేలా చేయాలి, అంటే లాకును దాటాలి. మన కాపీరైట్ చట్టంలో 2012 సవరణతో వచ్చిన 65-ఎ సెక్షన్ దీని గురించే. సాంకేతిక రక్షణను ఛేదించినవారికి రెండేళ్ల దాకా జైలు, జరిమానా పడవచ్చు. కానీ ఆ సెక్షన్‌ను పూర్తిగా చదవాలి. కాపీరైట్ హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో ఛేదిస్తేనే అది నేరం. చట్టం స్పష్టంగా నిషేధించని పని కోసం చేస్తే ఈ శిక్ష వర్తించదని అందులోనే మినహాయింపు ఉంది. మీరు కొన్న అసలు డిస్కులు మళ్లీ ఆడటానికి చేయించే రిపేరు ఆ మినహాయింపు కిందికి వస్తుందని నా అభిప్రాయం. ఇలాంటి పనిలో సాయపడే వ్యక్తి ఎవరి కోసం, ఎందుకు చేశాడో పేరు, చిరునామాతో సహా రికార్డు ఉంచాలని కూడా ఆ సెక్షన్ చెబుతోంది. కాబట్టి మెకానిక్ మీ వివరాలు అడిగితే అనుమానించకండి, ఇవ్వండి. ఇదే అదనుగా డ్రైవ్ సాఫ్ట్‌వేర్ మార్చేసి కాపీ డిస్కులు కూడా ఆడేలా చేస్తానని ఎవరైనా అంటే మాత్రం ఒప్పుకోకండి. అక్కడ ఉద్దేశం మారిపోతుంది. కంపెనీ ఆన్‌లైన్ ఖాతాను నిలిపేయడానికి కూడా కారణం దొరుకుతుంది, ఎందుకంటే ఆ సేవకు మీరు ఒప్పుకున్న షరతులు వేరే ఒప్పందం.

మీరు ఎక్కడి నుంచి రాస్తున్నారో చెప్పలేదు. అమెరికాలో ఉంటే అక్కడి చట్టం మనకంటే కఠినం. రిపేరు కోసమైనా లాకును దాటడం నిషేధంలోకే వచ్చేది. 2021 అక్టోబరులో కన్సోల్ డిస్క్ డ్రైవ్ రిపేరుకు ప్రత్యేకంగా మినహాయింపు ఇచ్చారు. పని అయ్యాక ఆ రక్షణను మళ్లీ యథాస్థితికి తేవాలన్నది షరతు. లాకును ఛేదించే సాధనాలు అమ్మడం మాత్రం అక్కడ ఇప్పటికీ తప్పే.

ఇక స్టిక్కర్. మీ వారంటీ ఎలాగూ ముగిసింది కాబట్టి చిరిగితే మీకొచ్చే నష్టమేమీ లేదు. వారంటీ ఇంకా మిగిలి ఉన్న పాఠకులకు మాత్రం గట్టిగా చెబుతున్నాను, విప్పకండి. స్టిక్కర్ కన్నా పెద్ద కారణం ఒకటుంది. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం, లోపం ఉందో లేదో చూడగానే తేలనప్పుడు వినియోగదారుల కమిషన్ ఆ వస్తువును ల్యాబ్ పరీక్షకు పంపవచ్చు. బయట విప్పిన పెట్టెలో ఆ లోపం ఫ్యాక్టరీదో మెకానిక్‌దో ల్యాబ్ కూడా తేల్చలేకపోవచ్చు. అమెరికాలో 1975 నాటి వారంటీ చట్టం స్టిక్కర్ చిరిగిందన్న ఒక్క సాకుతో వారంటీని కొట్టేయనివ్వదు. 2018లో అక్కడి వాణిజ్య నియంత్రణ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ సోనీ, మైక్రోసాఫ్ట్, నింటెండోలతో సహా ఆరు కంపెనీలకు ఈ విషయంలోనే హెచ్చరిక లేఖలు పంపింది. మన దగ్గర అంత సూటిగా చెప్పే నిబంధన లేదు. ఏకపక్షంగా ఉన్న షరతును అన్యాయమైన ఒప్పందమని వాదించాల్సి ఉంటుంది.

వారంటీ దాటిన రెండు నెలల మీద కమిషన్‌కు వెళ్లవచ్చా అన్నది మీ మనసులో ఉండే ఉంటుంది. వెళ్లవచ్చు. వారంటీ గడువూ ఫిర్యాదు గడువూ ఒకటి కావు, కారణం ఏర్పడినప్పటి నుంచి ఫిర్యాదుకు రెండేళ్ల సమయం ఉంటుంది. కానీ అది వాడకంలో వచ్చిన అరుగుదల కాదు, తయారీ లోపమేనని మీరే రుజువు చేయాలి. ఒక్క లేజర్ అరిగిన కేసులో ఆ శ్రమ పడమని నేను చెప్పను. ఒకవేళ వారంటీ ఉండగానే ఇదే గరగర గురించి కంపెనీకి మెయిల్ పెట్టి ఉంటే సంగతి వేరు. ఆ మెయిల్ బలమైన సాక్ష్యం. దాన్ని జతచేసి ముందు కంపెనీకి నోటీసు పంపండి, జవాబు వచ్చేదాకా కన్సోల్ విప్పించకండి.

విడి డ్రైవ్ ఇవ్వనన్న సర్వీస్ సెంటర్‌ను ఇవ్వాల్సిందేనని నిలదీయడానికి మన దేశంలో రిపేరు హక్కుకు ప్రత్యేక చట్టం ఇంకా రాలేదు. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022లో దీనిపై కమిటీ వేసి, రిపేరు సమాచారం కోసం ఒక పోర్టల్ తెరిచింది, కానీ అది చట్టం కాదు. ఇది రావలసిన చట్టం. ఒక చిన్న భాగం కోసం పనిచేసే యంత్రాన్నంతా పారేయించడం కొనేవారికి అన్యాయమని నా గట్టి నమ్మకం.

మెకానిక్‌కు ఇచ్చేటప్పుడు కన్సోల్ సీరియల్ నంబరు, ఇప్పుడున్న లోపం, మార్చబోయే భాగం, ‘అసలు బోర్డు అలాగే ఉంచుతాం’ అన్న మాట రసీదు మీద రాయించుకోండి. అతని పొరపాటుతో మదర్‌బోర్డు పోతే అది సేవాలోపం, మీరు నివసించే చోటి జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు, ఆ రసీదే మీ ఆధారం. తీసేసిన పాత డ్రైవ్‌ను కూడా అడిగి వెనక్కి తీసుకోండి. బోర్డు పొరపాటున దానితోనే ఉండిపోతే, మీ కన్సోల్‌కు జత కుదిరేది అదొక్కటే.