అబ్బయా, నీ రిప్లే చూశాను

చిరంజీవి అబ్బయాకి బాబాయి ఆశీస్సులు.

స్టార్‌క్రాఫ్ట్ 2 కంప్యూటర్ యుద్ధం ఆటలో నిమిషానికి 250 క్లిక్కులు కొడతన్నా గెలవలేకపోతున్నానని రాశావు, ఆట రికార్డింగు (రిప్లే) పంపావు. అందులో సగం ఉత్త నేల మీద కొట్టినవే కదబ్బయా! ఏడో నిమిషానికి సైన్యాన్ని కొనే సరుకు, 1,400 మినరల్స్, ఖర్చు కాకుండా పేరుకుపోయి ఉండాయి, సైనికుల్ని పుట్టించే బ్యారక్స్ ఖాళీగా కూర్చోనుండాయి.

పాత స్టార్‌క్రాఫ్టే అసలు ఆట, రెండోది పిల్లలాట అని నీ స్నేహితులు అంటున్నారంట. సగమే నిజం. నెల్లూరు వీఆర్సీ సెంటర్ దగ్గర నెట్ సెంటర్‌లో గంటల లెక్కన డబ్బు కట్టి పాతదాని కొనసాగింపు బ్రూడ్ వార్ ఆడినోళ్ళం మేము. 1998 నాటి ఆట. మౌస్‌తో ఒకసారి పడితే 12 యూనిట్లే (సైనికులు, బండ్లు) చేతికి వస్తాయి. బిల్డింగులు ఒక్కోదాన్నే నొక్కాలి. కొత్తగా పుట్టిన ఎస్‌సీవీని, అంటే మినరల్స్ తవ్వే పనోడిని, మనమే మినరల్స్ మీదకి తోలాలి, మరిచిపోతే అట్టే నిలబడి దిక్కులు చూస్తా ఉంటది. ఈ చాకిరీ మధ్యలోనే యుద్ధం. నాకైతే ఎస్‌సీవీలను తోలే పని పోయినందుకు బాధ లేదు. ఆ 12 లెక్క మాత్రం అప్పుడప్పుడూ గుర్తొస్తది.

మంత్రాలు వేసే హై టెంప్లర్లనే చూడు. పాతదాంట్లో నలుగుర్ని కలిపి పట్టి స్టార్మ్ అనే తుఫాను మంత్రం కొడితే నలుగురూ ఒకే చోట కురిపిస్తారు, మూడు దండగ. విడివిడిగా పట్టి కొట్టగలిగినోడే మొనగాడు. 2010లో వచ్చిన రెండోదాంట్లో ఒక్కడే కొడతాడు, మిగతావాళ్ళు ఆగుతారు. సులువైంది కదా అనుకుంటావు. కానీ అందులో సైన్యం చక్కగా దారి చూసుకుని ముద్దగా నడుస్తది. ఆ ముద్దలోకి మీద పడి పేలిపోయే నాలుగు బేన్‌లింగ్‌లు దొర్లుకుంటా వస్తే మెరైన్లంతా, అంటే తుపాకీ సైనికులంతా, ఒక్క దెబ్బకి పోతారు. వాళ్ళని రెప్పపాటులో చెదరగొట్టడం కొత్త విద్య అయింది. నడక బాగుచేస్తే ఇంకోచోట కష్టం పుట్టింది.

మన రొయ్యల గుంటకి ఆటో ఫీడర్ పెట్టాక మేత చల్లే పని తప్పింది గానీ, మేత మిగిలిందా అని చెక్ ట్రే ఎత్తి చూసే పని నాకు తప్పలేదు.

అందుకని మెరైన్ల విన్యాసాలు ఇప్పుడే వద్దు. బ్యారక్స్ అన్నీ కీబోర్డులో ఒకే నంబరుకు పెట్టుకో, యుద్ధం నడుస్తున్నా చూపు తిప్పకుండానే మెరైన్లను పుట్టించు. ఓ ఇరవై ఆటలు మినరల్స్ 500 దాటకుండా ఆడు, ఓడిపోయినా సరే.

దసరా సెలవులకి కావలి వస్తావు కదా, రిప్లేలు తెచ్చుకో. ఓడినవే తే.

మీ బాబాయి