కొరియా పోస్టింగ్ వచ్చిందా తమ్ముడూ? ముందు అమ్మకి ఫోన్ చెయ్యి

సందేహం: అన్నా, మాది ఖమ్మం. గ్రీన్ కార్డు మీద అమెరికన్ ఆర్మీలో చేరాను. ఈ మధ్యే సిటిజన్‌షిప్ కూడా వచ్చింది. ట్రైనింగ్ అవగానే మొదటి పోస్టింగ్ కొరియా అన్నారు. ఏడాది పాటు ఒక్కడినే వెళ్లాలట. మా ఆవిడ డాలస్‌లో ఉంటుంది, తనది గ్రీన్ కార్డు. ఏమేం సర్దుకోవాలి, ఏ కాగితాలు చూసుకోవాలి? ఇంట్లో ఇంకా చెప్పలేదు.

తమ్ముడూ, నీ ఉత్తరంలో చివరి మాట దగ్గరే ఆగిపోయాను. సూట్‌కేసు సంగతి తర్వాత చూద్దాం. ముందు అమ్మకి ఫోన్ చెయ్యి.

ఈ తప్పు నేనూ చేశాను కాబట్టి చెబుతున్నా. వీసాల మీద ఉన్నవాళ్లని భాష కోసం, వైద్యం కోసం సైన్యంలోకి తీసుకునే మావ్నీ అనే పథకం ఒకటి ఉండేది. 2016లో ఆగిపోయింది. నేను అందులో చేరినవాణ్ణి. నాకూ మొదటి పోస్టింగ్ కొరియాయే. దిగాక చెబుదాంలే అనుకున్నాను. ఈలోపు టీవీలో ఏదో క్షిపణి వార్త వచ్చింది, మా పక్కింటాయన "మీవాడు అక్కడే కదా" అనేశాడు. మా నరసరావుపేటలో అమ్మ రెండు వారాలు నాతో మాట్లాడలేదు. మాట్లాడాక అడిగిన మొదటి ప్రశ్న, "ఆ కిమ్మున్న దేశమా?"

కాదని చెప్పు. అది ఉత్తర కొరియా, నువ్వెళ్లేది పక్కనున్న దక్షిణ కొరియా. ఆ రెండింటి మధ్య యుద్ధం 1953 జులై 27న కాల్పుల విరమణతో ఆగింది. శాంతి ఒప్పందం మాత్రం ఇప్పటికీ లేదు. అమెరికా సైనికులు సుమారు 28,500 మంది ఉంటారు. ఎక్కువమంది వెళ్లేది ప్యాంగ్‌టేక్ ఊళ్లోని క్యాంప్ హంఫ్రీస్‌కి. సియోల్‌కి దక్షిణంగా 65 కిలోమీటర్ల దూరం. బడులు, ఆసుపత్రి, సినిమా హాలు, గోల్ఫ్ మైదానంతో సహా అదొక టౌను. ఉత్తరాన సరిహద్దుకి దగ్గరగా డాంగ్‌డుచియాన్‌లో క్యాంప్ కేసీ ఉంది. నన్ను వేసింది అక్కడే. చలి కూడా అక్కడే ఎక్కువ.

అలాగని "ఏం లేదమ్మా, ఆఫీసు ఉద్యోగం లాంటిదే" అని అబద్ధం చెప్పకు. తెల్లవారుజామున సైరన్ మోగితే సామాను భుజానేసుకుని పరిగెత్తాల్సి ఉంటుంది. ఈ రాత్రే యుద్ధం వచ్చినా సిద్ధం అన్నది అక్కడి దళాల నినాదం. తొంభై తొమ్మిది సార్లు అది డ్రిల్లే. రోజూ సరిహద్దులో తుపాకీ పట్టుకుని నిలబడే పని మాత్రం కాదని చెప్పు, చాలు.

అమ్మకి అసలు నచ్చే విషయం ఇంకొకటుంది. గడియారం. టెక్సస్ నుంచి ఇంటికి ఫోన్ చేయాలంటే పగలు రాత్రి తారుమారు. కొరియా మనకంటే మూడున్నర గంటలు ముందుంటుంది, అంతే. నువ్వు డ్యూటీ దిగి రాత్రి తొమ్మిదికి ఫోన్ చేస్తే ఖమ్మంలో సాయంత్రం ఐదున్నర, అమ్మ టీ తాగే వేళ. మా అమ్మ ఆ ఏడాది నాతో మాట్లాడినంత, అమెరికాలో ఉన్న పదేళ్లలో మాట్లాడలేదు.

కానీ ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపుతో జాగ్రత్త. ఏ యూనిట్, ఎప్పుడు విన్యాసాలు, ఎక్కడికి కదులుతున్నారు, ఇవేవీ అందులో పెట్టకూడదు. నువ్వు పెట్టే యూనిఫాం ఫోటో మీ బాబాయి పది గ్రూపులకి పంపిస్తాడు. ప్రేమతోనే పంపిస్తాడు, కానీ పిలిచి అడిగేది నిన్ను. నూడుల్స్ తింటున్న ఫోటో పెట్టు, అందరూ సంతోషిస్తారు.

ఇప్పుడు కాగితాలు. మనవాళ్లు తడబడేది ఇక్కడే.

మీ ఆవిడ పేరు మీద పవర్ ఆఫ్ అటార్నీ రాయించు. బేస్‌లోని లీగల్ ఆఫీసులో ఉచితంగా చేస్తారు. అన్నిటికీ పనికొచ్చేలా ఒకటే రాసిచ్చేయకుండా, కారుకి, బ్యాంకుకి, ఇంటి లీజుకి వేరువేరుగా రాయించుకుంటే మేలు. వీలునామా, ఇన్సూరెన్స్‌లో నామినీ పేరు అదే వారంలో సరిచూసుకో. పెళ్లికి ముందు చేరినవాళ్లలో చాలామందికి నామినీగా ఇంకా నాన్నగారి పేరే ఉంటుంది.

ఒంటరి పోస్టింగ్ అంటే ప్రభుత్వ ఖర్చుతో భార్యని తీసుకెళ్లే వీలు లేదని. ఆమె ఉన్న ఊరి లెక్కన ఇంటి అలవెన్సు వస్తుంది, కుటుంబానికి దూరంగా ఉన్నందుకు ఇంకొకటి వస్తుంది. దిగిన రెండో నెలలోనే జీతం చీటీ తెరిచి ఈ రెండూ పడ్డాయో లేదో చూడు. "సొంత ఖర్చుతో తీసుకొచ్చేస్తే ఏమవుతుంది అన్నా" అని చాలామంది అడుగుతారు. చూసి వెళ్లడానికి వస్తే బాగుంటుంది. కాపురం పెట్టడానికైతే ఇల్లు, వైద్యం, బేస్‌లో వసతులు, అన్నీ చిక్కే. కుటుంబంతో వెళ్లే పోస్టింగ్ కావాలంటే అది వేరే దరఖాస్తు, ఎక్కువ కాలం ఉండాలి కూడా. పోస్టింగ్ ఆర్డర్స్‌లో ఆమె పేరుండి నీతో పాటు వెళితే, అక్కడున్న కాలాన్ని ఆమె సిటిజన్‌షిప్ లెక్కలో అమెరికాలో ఉన్నట్టే చూస్తారు. పేరు లేకపోతే ఆ లాభం ఉండదు. గ్రీన్ కార్డు మీద నెలల తరబడి బయట ఉండటం ఎంత టెన్షనో నీకు తెలుసు. టికెట్ కొనేముందు ఇది ఆలోచించండి.

ఇక నీ సంగతి. సిటిజన్‌షిప్ వచ్చింది కాబట్టి ఇండియన్ పాస్‌పోర్టు సరెండర్ చేసి సర్టిఫికెట్ తీసుకో. తర్వాత అందరిలా ఓసీఐ కార్డుకి, అంటే వేరే దేశం పౌరులైన మనవాళ్లు వీసా లేకుండా ఇండియా వెళ్లిరావడానికి ఇచ్చే కార్డుకి, పెడదామనుకుంటున్నావేమో. విదేశీ సైన్యంలో పనిచేస్తున్నవాళ్లకీ, రిటైరైనవాళ్లకీ ఓసీఐ ఇవ్వరు. సాఫ్ట్‌వేర్ స్నేహితులకి ఈ రూల్ తెలియదు, "నాలుగు వారాల్లో వస్తుంది రా" అంటారు. మనకి రాదు. ఇంటికి వెళ్లాలంటే వీసా పెట్టుకునే వెళ్లాలి. పైగా కొరియా నుంచి సెలవు మీద ఇండియా వెళ్లాలంటే సెలవు కాగితం మీద సంతకం ఒక్కటే చాలదు, వేరే దేశానికి వెళ్లేందుకు ఆర్మీ క్లియరెన్స్ కూడా కావాలి. చెల్లెలి పెళ్లి ముహూర్తం ఖాయమైన రోజునే రెండూ మొదలుపెట్టు. ఇంచియాన్ నుంచి ఢిల్లీకి నేరుగా విమానాలున్నాయి, హైదరాబాద్‌కి బ్యాంకాక్, సింగపూర్ మీదుగా వెళ్లొచ్చు. దూరం సగమవుతుంది, కాగితం పని తగ్గదు.

కారుని వెంట తీసుకెళ్లే ఆలోచన వద్దు. అక్కడ బస్సులు, రైళ్లు ఉన్నాయి. ప్యాంగ్‌టేక్ స్టేషన్ దగ్గర ఒకటో నంబరు సబ్‌వే ఎక్కితే సియోల్‌లో దిగుతావు. టీ-మనీ కార్డు ఒకటి కొనుక్కుంటే బస్సుకీ రైలుకీ అదే. నేనున్న రోజుల్లో గూగుల్ మ్యాప్ అక్కడ నడక దారి చూపించేది కాదు. దారికి నావర్ మ్యాప్, మెసేజీలకి కకావో టాక్, అనువాదానికి పపాగో ముందే ఫోన్లో పెట్టుకో. అమెరికా ఫోన్ నంబరు మాత్రం వదులుకోకు, నీ బ్యాంకు ఓటీపీలన్నీ దానికే వస్తాయి.

సర్దుకోవడంలో నా అనుభవం ఒక్కటి చెబుతా. నేను దిగింది జనవరిలో. బరువెక్కువని స్వెట్టర్లు, మేజోళ్లు, కుక్కర్, అన్నీ వెనక వచ్చే పార్సిల్ సామానులో వేశాను. అది వచ్చేసరికి మార్చి. వాళ్లిచ్చిన కోటు ఒంటిమీద ఉంది కాబట్టి బతికాను గానీ, ఆదివారం బజారుకెళ్లడానికి నా దగ్గరున్నది ఒక పల్చటి జీన్సు. చలిబట్టలు చేతి సామానులో పెట్టుకో.

మిక్సీ విషయం విను. కొరియాలో కరెంటు 220 వోల్టులు. ఇండియా నుంచి తెచ్చుకుని అమెరికాలో పనిచేయక మూలన పడేసిన మిక్సీ ఉందా? అది అక్కడ తిరుగుతుంది, ప్లగ్ ఒక్కటి మార్చుకుంటే సరి. అమెరికాలో కొన్న 110 వోల్టుల మిక్సీ పెట్టావో, పొగ చూస్తావు. అయితే బ్యారక్స్ గదిలో ఏం వండనిస్తారో ముందు కనుక్కో. నేను గదిలో పప్పుకి తిరగమోత వేస్తే ఆవాలు చిటపటమనేలోపే ఫైర్ అలారం మోగింది. ఆ రాత్రి చలిలో రెండు వందల మంది బయట నిలబడ్డారు. ఏడాది చివరిదాకా నన్ను పేరు పెట్టి పిలిచినవాడు లేడు, అందరికీ నేను "అలారం"నే.

మసాలాల్లో ఒక్కటి మాత్రం ఇంట్లోనే వదిలెయ్యి. గసగసాలు. సైన్యంలో చేసే మూత్ర పరీక్షలో కోడీన్ అనే మత్తుమందు కనిపించే ప్రమాదం ఉందని, గసగసాలు ఉన్నవి తినొద్దని 2023 ఫిబ్రవరిలో అమెరికా రక్షణ శాఖ అందరికీ చెప్పింది. బేకరీ బన్నుల సంగతి అమెరికన్లకి తెలుసు, మన కుర్మా సంగతి వాళ్లకి తెలియదు. అమ్మ పంపే మసాలా పొడిలో ఏం వేసిందో అడుగు. ఉద్యోగం పోయేంత విషయం కాబట్టి మొహమాటపడకు.

బియ్యం గురించి దిగులొద్దు, కానీ అవి మన సోనా మసూరి కాదు. ముద్దగా అంటుకుంటాయి. పెరుగన్నానికి బాగుంటాయి, పులిహోరకి పనికిరావు. సియోల్‌లో ఇతేవాన్ మసీదు వీధిలో పప్పులు, కారం, కరివేపాకు దొరుకుతాయి. శాకాహారివైతే ఇంకో మాట. కిమ్చీ చూస్తే మన ఊరగాయ గుర్తొస్తుంది కానీ, చాలా రకాల్లో రొయ్యల ఉప్పు, చేపల రసం వేస్తారు. హోటల్లో "కోగి ప్పెగో జుసెయో" అంటే మాంసం లేకుండా ఇమ్మని. తీరా చూస్తే పైన చేప ముక్కో, హామ్ ముక్కో ఉంటుంది, ఎందుకంటే వాళ్ల లెక్కలో అది "కోగి" కాదు. ఒక్కొక్కటీ పేరు పెట్టి వద్దనాలి.

భాష నేర్చుకో. ఇది సలహా కాదు, బతిమాలుతున్నాను. తోటి అమెరికన్ సైనికులకంటే మనకి అది నిజంగా తేలిక. వాళ్ల హంగుల్ లిపిని 1446లో సేజాంగ్ రాజు ప్రకటించాడు. మూల హల్లులు 14, అచ్చులు 10. హల్లు పక్కనో కిందో అచ్చు చేర్చి ఒక్కో అక్షరంగా కూర్చుతారు. గుణింతం, ఒత్తులు రాసిన చేతికి అందులో కొత్తేముంది? వారంలో బస్సు బోర్డులు చదివేస్తావు. చదివాక తెలుస్తుంది, సగం మాటలు "కొపి", "పొసు" లాంటివేనని. కాఫీ, బస్సు! వాక్యం కూడా మనలాగే, క్రియ చివర. "నేను అన్నం తిన్నాను" అనే వరసలోనే వాళ్లూ అంటారు. పెద్దవాళ్లకి ఒకలా, ఈడువాళ్లకి ఒకలా మాట్లాడతారు. మీరు, నువ్వు తేడా నీకు ఎవరూ నేర్పక్కర్లేదు. మా ప్లటూన్ సార్జెంట్‌కి అది మూడేళ్లయినా పట్టుబడలేదు.

నీ యూనిట్‌లో కటూసాలు ఉంటారు. తప్పనిసరి సైనిక సేవని అమెరికన్ యూనిట్లలో చేసే కొరియా కుర్రాళ్లు. 1950 నుంచి ఉన్న పద్ధతి ఇది. ఇంగ్లీషు వచ్చినవాళ్లు, చాలామంది కాలేజీ చదువు మధ్యలో ఆపి వచ్చినవాళ్లు. నా రూమ్మేట్ అలాంటివాడే. చుసోక్ పండక్కి ఊరికి తీసుకెళ్లాడు. గడపలో చెప్పులు విప్పాం, పెద్దల ఫోటోల ముందు పళ్లు, అన్నం పెట్టి వంగి దండం పెట్టారు. నువ్వులు కూరి ఆవిరి మీద ఉడికించిన బియ్యప్పిండి సాంగ్‌ప్యోన్ చేతిలో పెట్టారు. సంక్రాంతికి మా ఇంట్లో పెద్దలకి పెట్టుకునేది గుర్తొచ్చి గొంతు పట్టేసింది. వాళ్ల నాయనమ్మ నన్ను చూసి మొదట అడిగింది, "బాప్ మొగొస్సొ?" అన్నం తిన్నావా అని. వాళ్లకి అదే పలకరింపు.

అందుకే అంటున్నా, సాయంత్రం కాగానే బేస్‌లోపలి బర్గర్ షాపుకి పోయేవాళ్లతో ఏడాదంతా గడపకు. బయటికి వెళ్లు. కానీ సోజు అనే వాళ్ల సారా తాగి బండి ముట్టుకోకు. అక్కడ రక్తంలో ఆల్కహాల్ 0.03 శాతం దాటితే కేసు, అమెరికాలో చాలా రాష్ట్రాల హద్దు 0.08. మనవాళ్లు ఆ 0.08 లెక్కలోనే దొరికిపోతారు.

ఒక ఆదివారం సియోల్‌లోని కొరియా యుద్ధ స్మారక భవనానికి వెళ్లు. ఆ యుద్ధంలో సాయం చేసిన దేశాల్లో మన భారత్ పేరు కూడా అక్కడ ఉంటుంది. 1950 నవంబరులో మన 60వ పారాచూట్ ఫీల్డ్ అంబులెన్స్ లెఫ్టినెంట్ కల్నల్ ఎ.జి. రంగరాజ్ నాయకత్వంలో వచ్చి, గాయపడ్డవాళ్లకి వైద్యం చేసింది. యుద్ధం ఆగాక ఖైదీల అప్పగింత చూసిన కమిషన్‌కి అధ్యక్షుడు జనరల్ తిమ్మయ్య. మీ నాన్నగారికి ఆ ఫోటో పంపు. "వాళ్ల సైన్యంలో ఎందుకు రా" అని మా నాన్న అప్పటిదాకా సణిగేవారు. ఇదంతా చెప్పాక చాలాసేపు మాట్లాడకుండా విని, "మందులిచ్చారన్నమాట" అన్నారు.

నీకొక స్పాన్సర్‌ని, అంటే కొత్తగా వచ్చేవాళ్లకి సాయం చేసే ఆ యూనిట్ మనిషిని, కేటాయించి ఉంటారు. అతని నుంచి మెయిల్ రాకపోతే ఊరికే కూర్చోకు, యూనిట్‌కి నువ్వే రాయి. గదిలో వంటకి ఏం ఒప్పుకుంటారు, ఎయిర్‌పోర్టుకి ఎవరొస్తారు, ఈ రెండూ అడుగు. నువ్వు ఏ నెలలో దిగుతున్నావో నాకు రాయి. జూన్ చివరైతే గొడుగు, వానాకాలం మొదలవుతుంది. జనవరైతే మేజోళ్లు నాలుగు జతలు ఎక్కువ పెట్టుకో.